మిటిగేషన్: హాని తీవ్రతను తగ్గించే పని

నిర్వచనం

హాని ఎలాగూ తప్పదన్నప్పుడు, లేదా ఇప్పటికే జరిగిపోయినప్పుడు, దాని దెబ్బను తేలిక చేసే పనిని ఇంగ్లిషులో మిటిగేషన్ అంటారు. క్రియగా మిటిగేట్, విశేషణంగా మిటిగేటింగ్ అని వాడతారు. తుఫాను, వరద, ఉరిశిక్ష, ఒప్పంద భంగం, అంటువ్యాధి, అడవిలోంచి వేసే రోడ్డు, భూమి వేడెక్కడం – ఒకదానితో ఒకటి పొత్తులేని ఇన్ని విషయాల్లో ఈ ఒక్క మాట తిరుగుతుంది. అన్నిచోట్లా కనిపించే సారం ఒకటే. హాని మాయం కాదు, దాని బరువు తగ్గుతుంది.

నివారణ అంటే అసలు జరగనివ్వకపోవడం. మిటిగేషన్ అంతదాకా హామీ ఇవ్వదు. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టకుండా ఎవరూ ఆపలేరు. అది తీరం దాటిన రాత్రి ఎన్ని ప్రాణాలు పోతాయన్నది మాత్రం చాలావరకు మనుషుల చేతుల్లోనే ఉంది. సహాయ పునరావాసాలూ మిటిగేషనూ ఒకటి కావు. మునిగిన ఊరికి పులిహోర పొట్లాలు పంపడం సహాయం. ఆ ఊరి ముంపు తగ్గేలా, మునిగినా మనుషులు పోకుండా ఏళ్ల ముందే చేసిపెట్టే ఏర్పాటు మిటిగేషన్.

తెలుగులో దీన్ని సందర్భాన్ని బట్టి ఉపశమనం, తగ్గింపు, నష్ట నివారణ అని రాస్తున్నారు. చట్టం, వాతావరణం, విపత్తు నిర్వహణ మూడింటికీ సరిపోయే ఒకే మాట ఇంకా స్థిరపడలేదు కనుక ఈ వ్యాసంలో మిటిగేషన్ అనే ఉంచడమైంది.

పుట్టుక, ఇంగ్లిషు వాడుక

లాటిన్‌లో మీటిస్ అంటే మెత్తని, సౌమ్యమైన అని అర్థం. ఆ మాటకు చేయడం అనే ధాతువు చేరి మిటిగారె అయింది. మెత్తబరచడం, మచ్చిక చేయడం, పండును మగ్గబెట్టడం వంటి అర్థాల్లో వాడేవారు. 15వ శతాబ్దం నాటికి మాట ఇంగ్లిషులోకి వచ్చింది.

వాడుకలో ఒక పొరపాటు తరచుగా దొర్లుతుంది. మిటిగేట్ సకర్మక క్రియ. దేన్ని తగ్గిస్తున్నామో ఆ మాట నేరుగా పక్కనే రావాలి. దాని తర్వాత ‘అగైన్‌స్ట్’ చేర్చి రాసేవారు నిజానికి మిలిటేట్ అనే వేరే క్రియను ఉద్దేశిస్తున్నారు. ఆ రెండోది సైనికుడిగా పనిచేయడం అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. ఒకదానికి ప్రతికూలంగా బలంగా పనిచేయడం దాని అర్థం. ధ్వని దగ్గరగా ఉండటం వల్ల ఇంగ్లిషు మాతృభాషగా ఉన్నవారూ ఇక్కడ తడబడతారు.

విపత్తు నిర్వహణలో (చూడు: ఉప్పెన, కరకట్ట, మడ అడవులు)

భారతదేశంలో ఈ మాటకు చట్టబద్ధమైన నిర్వచనం ఉంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం సెక్షన్ 2(ఐ) ప్రకారం విపత్తు వల్ల, లేదా ముంచుకొస్తున్న విపత్తు వల్ల కలిగే ముప్పును, ప్రభావాన్ని, ఫలితాలను తగ్గించే చర్యలన్నీ మిటిగేషన్ కిందికి వస్తాయి. చర్యలు రెండు రకాలు. కరకట్టలు, తుఫాను షెల్టర్లు, భూకంపాన్ని తట్టుకునే ఇళ్లు వంటివి నిర్మాణాలు. హెచ్చరికల వ్యవస్థ, భవన నిబంధనలు, భూ వినియోగ నియమాలు, జనానికి శిక్షణ వంటివి నిర్మాణేతరాలు. ఒకటి లేకుండా రెండోది సగమే పనిచేస్తుంది. షెల్టర్ ఉన్నా కబురు అందకపోతే అది ఖాళీగా ఉంటుంది. కబురు అందినా వెళ్లడానికి చోటు లేకపోతే జనం ఇంటి చూరు కిందే ఉండిపోతారు.

1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమలో ఈ రెండూ లేవు. తుఫాను తీరం దాటుతున్నప్పుడు ఐదు మీటర్ల మేర లేచిన ఉప్పెన కిలోమీటర్ల కొద్దీ లోపలికి చొచ్చుకొచ్చింది. సొర్లగొంది వంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. మృతులు పదివేలకు పైగా. తాటాకు గుడిసెలు, మట్టి గోడలు, తెగిపోయిన కబుర్లు. చావుకు గాలీ నీరూ ఎంత కారణమో ఇవీ అంతే కారణం. తెలుగు నేల మీద మిటిగేషన్ చరిత్ర రాయాలంటే ఆ రోజు నుంచే మొదలుపెట్టాలి.

ఆ తర్వాత కోస్తా పొడవునా తుఫాను షెల్టర్లు లేచాయి. 1980వ దశకంలో ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా తీరగ్రామాలకు నేరుగా హెచ్చరిక వినిపించే పరికరాలు వచ్చాయి. 1990 మే 9న దాదాపు అదే తీవ్రత ఉన్న మరో తుఫాను కృష్ణా నది ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. పెద్ద ఎత్తున జనాన్ని ముందుగా తరలించారు. ఈసారి మృతులు వెయ్యి లోపే. వెయ్యి చిన్న సంఖ్య కాదు. అయినా పదమూడేళ్ల నాటి లెక్క పక్కన పెట్టి చూస్తే మిటిగేషన్ అన్న మాటకు అర్థం పుస్తకాల అవసరం లేకుండానే తెలుస్తుంది.

ఒడిశాలో ఇదే కథ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1999 అక్టోబరు 29 నాటి సూపర్ సైక్లోన్‌కు సుమారు పదివేల మంది బలయ్యారు. ఆ ఏడాది చివర్లోనే రాష్ట్రం విపత్తు నిర్వహణ కోసం ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసుకుంది. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తీరం దాటేలోగా ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లలో కలిపి పది లక్షలకు పైగా జనాన్ని తరలించారు. ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. 2019 మే 3న పూరీ వద్ద తీరం దాటిన ఫణిలో 64 మంది చనిపోయారు. చెట్లు, కరెంటు స్తంభాలు మాత్రం పెద్ద సంఖ్యలో నేలకూలాయి. మనుషుల్ని తరలించగలిగినట్టు కొబ్బరితోటలను తరలించలేరు కదా.

తీరంలో కనిపించే తుఫాను షెల్టర్‌ను దగ్గరగా చూస్తే దాని ఆలోచనంతా కట్టడంలోనే తెలుస్తుంది. కింది అంతస్తు గోడలు లేకుండా స్తంభాల మీద తెరిచి ఉంటుంది. ఉప్పెన నీరు భవనాన్ని ఢీకొనకుండా ఆ స్తంభాల మధ్య నుంచి దాటిపోవాలి. జనం పై అంతస్తులో ఉంటారు. కొత్త నమూనాల్లో మెట్ల పక్కనే వాలుదారి ఉంటుంది. ముసలివారు, నడవలేనివారు దాని మీదుగా ఎక్కుతారు. మామూలు రోజుల్లో అక్కడ బడి నడుస్తుంది, పెళ్లిళ్లు జరుగుతాయి. అలా వాడకంలో ఉన్న భవనానికే తాళం చెవి ఎవరి దగ్గర ఉందో ఊరందరికీ తెలుస్తుంది. తలుపు తుప్పు పట్టదు, నీళ్ల ట్యాంకు ఎండిపోదు. ఉప్పుగాలి మాత్రం కనికరించదు. కాంక్రీటు పగుళ్లలోంచి లోపలి ఇనుముకు తుప్పు పట్టించి, మరమ్మతు లేని షెల్టర్లను కొన్నేళ్లకే పనికిరాకుండా చేస్తుంది. పాత షెల్టర్లు ఎన్నో అలాగే పాడుబడ్డాయి. ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన జాతీయ తుఫాను ముప్పు మిటిగేషన్ పథకం మొదటి దశకు ఆంధ్రప్రదేశ్, ఒడిశాలనే ఎంచుకుంది. కొత్త షెల్టర్లు, వాటికి చేరే రోడ్లు, ఉప్పునీటిని ఆపే కట్టలు అందులో భాగం.

అన్నీ సిమెంటుతోనే జరగవు. 1999 తుఫానులో ఒడిశాలోని కేంద్రాపడా జిల్లా గ్రామాలను పరిశీలించి సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో, సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్నచోట చావులు తక్కువగా ఉన్నట్టు తేలింది. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులు, తీరం వెంట నాటిన సరుగుడు తోటలు చేసే పనీ ఇదే.

నదుల విషయంలో హైదరాబాద్ ఉదాహరణ పాతది, గట్టిది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. మృతులు 15 వేల దాకా ఉంటారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగింది. వరద ఊళ్లోకి వచ్చాక కట్టడి చేయడం కాదు, ఎగువనే జలాశయాల్లో పట్టి నెమ్మదిగా వదలాలన్నది ఆయన పరిష్కారం. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. తర్వాత అవే నగరానికి తాగునీటి వనరులు కూడా అయ్యాయి. వాటి పరీవాహక ప్రాంతంలో నిర్మాణాలను అదుపు చేస్తూ 1996లో వచ్చిన 111వ నంబరు జీవో నిర్మాణేతర మిటిగేషన్‌కు ఉదాహరణ.

నిధులు

విపత్తు వచ్చాక ఖర్చు చేసే డబ్బు, రాకముందు ఖర్చు చేసే డబ్బు వేర్వేరు ఖాతాల్లో ఉండాలని 2005 చట్టమే చెప్పింది. అయినా దేశస్థాయి మిటిగేషన్ నిధి 2021లో గానీ ఏర్పడలేదు. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధుల్లో 80 శాతం ప్రతిస్పందనకు, 20 శాతం మిటిగేషన్‌కు కేటాయించింది. రాష్ట్రాల మిటిగేషన్ వాటా 32,031 కోట్ల రూపాయలు, జాతీయ నిధి 13,693 కోట్లు.

అమెరికాలో జాతీయ భవన శాస్త్రాల సంస్థ 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం, ఫెడరల్ మిటిగేషన్ గ్రాంట్లపై పెట్టే ప్రతి డాలరుకు సగటున ఆరు డాలర్ల భావి నష్టం తప్పుతోంది. ఇంత లాభం కనబడుతున్నా ముందస్తు ఖర్చుకు ప్రభుత్వాలు వెనకాడటానికి కారణం ఉంది. కూలిన ఇంటికి ఇచ్చిన చెక్కు ఫోటోలో పడుతుంది. కూలకుండా నిలిచిన ఇల్లు ఎవరి లెక్కలోనూ చేరదు.

వాతావరణ మార్పులో (చూడు: హరితగృహ వాయువులు, అడాప్టేషన్)

వాతావరణ మార్పు రంగంలో ఈ మాట పరిధి బాగా కుంచించుకుపోతుంది. వేడిని పట్టి ఉంచే వాయువుల విడుదలను తగ్గించడం, లేదా ఆ వాయువులను పీల్చుకునే అడవులు, నేల వంటి వనరులను పెంచడం – ఈ రెండే మిటిగేషన్. వేడెక్కిన లోకంలో బతకడానికి చేసుకునే సర్దుబాట్లన్నిటికీ అడాప్టేషన్ అని వేరే పేరుంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీలోనూ పని ఇలాగే విడిపోయింది. రెండో బృందం ప్రభావాలనూ అడాప్టేషన్‌నూ చూస్తే, మూడో బృందం మిటిగేషన్‌ను చూస్తుంది.

దీనివల్ల ఒక చిక్కు వస్తుంది. సముద్రం ముందుకు రాకుండా కట్టిన గోడను విపత్తు నిర్వహణ అధికారి మిటిగేషన్ అంటాడు. అదే గోడను వాతావరణ చర్చల్లో కూర్చున్న ప్రతినిధి అడాప్టేషన్ అంటాడు. ఇద్దరూ తమ శాస్త్రం ప్రకారం సరిగ్గానే మాట్లాడుతున్నారు. ఒకరి లెక్కలో మిటిగేషన్ అంటే ఫలితాన్ని తగ్గించడం, మరొకరి లెక్కలో కారణాన్ని తగ్గించడం. ఐక్యరాజ్యసమితి విపత్తు ముప్పు తగ్గింపు కార్యాలయం తన పదకోశంలో ఈ తేడాను ప్రత్యేకంగా గుర్తుచేస్తుంది. నివేదికలు, పథకాలు తెలుగులోకి తెచ్చేవారు తప్పక గమనించాల్సిన విషయం ఇది.

1992లో రియో సదస్సులో సంతకాలకు తెరిచిన ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒడంబడిక, 1997 క్యోటో ఒప్పందం, 2015 పారిస్ ఒప్పందం ఈ రంగంలో మైలురాళ్లు. క్యోటో ధనిక దేశాలకే తగ్గింపు లక్ష్యాలు పెట్టింది. పారిస్‌లో ప్రతి దేశమూ తన లక్ష్యాన్ని తానే ప్రకటించే పద్ధతి వచ్చింది. స్థూల ఉత్పత్తిలో ప్రతి యూనిట్‌కు విడుదలయ్యే వాయువులను 2005తో పోలిస్తే 2030 నాటికి 45 శాతం తగ్గిస్తామని, విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే ఉంటుందని భారత్ 2022లో ప్రకటించింది. ఆ రెండో లక్ష్యాన్ని 2025లోనే చేరుకుంది. నికర శూన్య విడుదలకు పెట్టుకున్న గడువు 2070. ఇక్కడ స్థాపిత సామర్థ్యం వేరు, నిజంగా తయారయ్యే కరెంటు వేరు. తయారయ్యే కరెంటులో బొగ్గుదే ఇప్పటికీ పెద్ద వాటా.

తెలుగు రాష్ట్రాల్లో కర్నూలు ప్రాంతంలోని వెయ్యి మెగావాట్ల సౌర పార్కు, రామగుండం జలాశయం మీద 2022లో పూర్తిగా పని మొదలుపెట్టిన 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం ఈ కోవలోవే. వ్యవసాయంలో అవకాశం వరిపొలంలో ఉంది. నీరు నిలిచిన మడిలో గాలి ఆడని బురదలో బతికే సూక్ష్మజీవులు మీథేన్‌ను పుట్టిస్తాయి. మడిని కొన్నాళ్లు ఆరగట్టి మళ్లీ తడిపితే నేలలోకి గాలి చేరి మీథేన్ తగ్గుతుంది, నీరూ ఆదా అవుతుంది. కాలువ కింద వంతులవారీగా నీరందే రైతుకు మాత్రం ఇది చెప్పినంత తేలిక కాదు. ఒకసారి ఆరగట్టాక మళ్లీ నీరు సమయానికి వస్తుందన్న నమ్మకం ఉండాలి.

న్యాయశాస్త్రంలో (చూడు: ఉరిశిక్ష, నష్టపరిహారం)

విపత్తు నిర్వహణలో మిటిగేషన్ ఘటనకు ముందు జరిగితే, న్యాయస్థానంలో అది ఘటన తర్వాత వస్తుంది. నేర విచారణలో దోషి అని తేలాక శిక్ష ఎంత వేయాలన్న దశలో, శిక్షను తగ్గించదగిన పరిస్థితులను మిటిగేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్ అంటారు. ఇవి నేరాన్ని మాఫీ చేయవు. నేరస్థుడు ఎవరు, ఎలాంటి స్థితిలో ఆ పని చేశాడు, మారే అవకాశం ఉందా అన్నవి తూకంలో వేస్తాయి.

1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉరిశిక్ష రాజ్యాంగబద్ధమేనంటూ, దాన్ని అత్యంత అరుదైన కేసులకే పరిమితం చేసింది. తీవ్ర మానసిక క్షోభ, చిన్న వయసు లేదా వృద్ధాప్యం, మరొకరి ఒత్తిడికి లోబడటం, సంస్కరణకు వీలు వంటివి శిక్ష తగ్గింపుకు పరిగణించదగినవని ఆ తీర్పు గుర్తించింది. ఆచరణలో మాత్రం దోషి అని ప్రకటించిన రోజే శిక్ష మీద వాదనలు ముగిసిన సందర్భాలు ఎన్నో. పేద ముద్దాయి బాల్యం, చదువు, మానసిక స్థితి గురించిన వివరాలు సేకరించే నాథుడే ఉండడు. దీన్ని సరిదిద్దడానికి 2022 మేలో మనోజ్ వర్సెస్ మధ్యప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. విచారణ కోర్టు దశలోనే ముద్దాయి మానసిక పరీక్ష నివేదిక, కుటుంబ నేపథ్యం, జైలు ప్రవర్తన వివరాలు తెప్పించుకోవాలంది. అదే ఏడాది సెప్టెంబరులో ఈ అంశాన్ని ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. ఒక మనిషి ప్రాణం తీయాలా వద్దా అని నిర్ణయించే ముందు అతని జీవితం గురించి తెలుసుకోవడం కనీస ధర్మం. ఈ తీర్పుల విలువ అందులోనే ఉంది.

ఒప్పందాల చట్టంలో ఈ మాట బాధితుడి మీద బాధ్యత పెడుతుంది. ఎదుటివాడు మాట తప్పాడు కదా అని చేతులు కట్టుకుని నష్టాన్ని పెరగనివ్వకూడదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం సెక్షన్ 73 వివరణ ఈ సూత్రాన్ని చెబుతుంది. ఊహా ఉదాహరణకు, గుంటూరు యార్డులో ఒక వ్యాపారి వంద క్వింటాళ్ల మిర్చి క్వింటాలు 15,000 రూపాయలకు కొంటానని ఒప్పుకుని వెనక్కి తగ్గాడనుకుందాం. ఆ రోజు మార్కెట్ ధర 14,000. అమ్మేవాడు వెంటనే వేరొకరికి అమ్మితే నష్టం లక్ష రూపాయలు. సరుకు అలాగే ఉంచి, ధర 10,000కు పడ్డాక ఐదు లక్షలు ఇప్పించమంటే కోర్టు మామూలుగా ఒప్పుకోదు.

బాధితుడు సహేతుకంగా చేయగలిగింది చేస్తే చాలు, అసాధ్యాలు చేయనక్కరలేదు. అయితే అలా చేసిన పనివల్ల లాభం వస్తే దాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. లండన్ భూగర్భ రైల్వేకు అందిన టర్బైన్లు లోపభూయిష్టంగా ఉండటంతో ఆ సంస్థ మరింత సమర్థమైనవి తెచ్చి పెట్టుకుంది. వాటివల్ల మిగిలిన ఖర్చును పరిహారంలోంచి తీసివేయాలని 1912లో బ్రిటన్ ప్రభువుల సభ తీర్పిచ్చింది. ఈ అంశంలో ఇప్పటికీ చెప్పుకునే తీర్పు అది.

పర్యావరణ అనుమతుల్లో

గనులు, రహదారులు, ఆనకట్టల ప్రభావాన్ని అంచనా వేసేటప్పుడు మిటిగేషన్‌ను మెట్లుగా చూస్తారు. ముందు హాని జరిగే చోటును తప్పించుకోవాలి. కుదరకపోతే హానిని కనిష్ఠానికి తేవాలి. తర్వాత పాడైనదాన్ని బాగుచేయాలి. చివరికి మిగిలినదానికి మరోచోట పరిహారం చేయాలి. ఈ వరుస తలకిందులైతే పద్ధతి ప్రయోజనమే పోతుంది. అడవిని నరికి మరెక్కడో మొక్కలు నాటడం చివరి మెట్టు. దాన్నే మొదటి మెట్టుగా వాడుకోవడం తరచుగా కనిపిస్తుంది.

బాగా జరిగిన పనికి నమూనా హైదరాబాద్ మీదుగా నాగ్‌పూర్ వెళ్లే 44వ జాతీయ రహదారి మీదే, ఇంకా ఉత్తరాన ఉంది. పెంచ్ పులుల అభయారణ్యం పక్క నుంచి పోయే భాగంలో, మహారాష్ట్ర వైపు జంతువులు దాటడానికి తొమ్మిది మార్గాలు కట్టారు. పొడవు 50 మీటర్ల నుంచి 750 మీటర్ల వరకు. పైన లారీలు పోతుంటే కింద పులులు, జింకలు దాటుతున్న దృశ్యాలు అక్కడ అమర్చిన కెమెరాల్లో నమోదయ్యాయి.

వైద్యంలో, ఇతర రంగాల్లో

భారత ఔషధ, సౌందర్య సాధనాల చట్టం (1940) మందును నిర్వచిస్తూ రోగ నిర్ధారణ, చికిత్స, నివారణలతో పాటు మిటిగేషన్‌నూ చేర్చింది. రోగాన్ని నయం చేయకపోయినా బాధను తగ్గించేది కూడా మందే అన్నమాట. 2020 మార్చిలో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు కోవిడ్‌పై ఇచ్చిన నివేదిక సప్రెషన్, మిటిగేషన్ అని రెండు వ్యూహాలను వేరు చేసింది. మొదటిది వ్యాప్తిని తిరోగమనం పట్టించేది. రెండోది వ్యాప్తిని మందగింపజేసి ఆసుపత్రుల మీద భారం తగ్గించేది. కంప్యూటర్ భద్రతలోనూ ఈ మాట ఉంది. ఒక వెబ్‌సైట్ మీదికి ఒక్కసారిగా కోట్ల అభ్యర్థనలు గుప్పించి దాన్ని మూసుకుపోయేలా చేసే దాడిని వడకట్టడాన్ని మిటిగేషన్ అంటారు.

పరిమితులు, విమర్శలు

రక్షణ కట్టడాలు కొత్త ముప్పును పెంచవచ్చని అమెరికా భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ 1940వ దశకంలోనే చెప్పాడు. కట్ట కట్టాక దాని వెనుక భూమి భద్రమన్న నమ్మకం పుడుతుంది. ఇళ్లు పెరుగుతాయి. కట్ట తట్టుకోలేని వరద వచ్చిన రోజున నష్టం పూర్వం కన్నా పెద్దదవుతుంది. కట్టల మంచీ చెడూ గోదావరి తీరవాసులకు తెలిసిన సంగతే. భద్రాచలం వద్ద 1986లో నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. తర్వాత కట్టిన కరకట్ట, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు పట్టణాన్ని చాలావరకు కాపాడింది. కానీ వరద ఎక్కువైనప్పుడు స్లూయిస్‌లు మూసేస్తే లోపలి వాననీరు బయటికి పోయే దారి ఉండదు. దాన్ని మోటార్లతో తోడిపోయాల్సి వస్తుంది. కట్టకు అవతల ఉన్న పల్లెలకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఎవరి ముప్పు తగ్గుతోంది, ఎవరిది తగ్గడం లేదు అన్న ప్రశ్న ప్రతి మిటిగేషన్ పథకాన్నీ అడగాలి.

ఎంత చేసినా మిగిలిపోయే నష్టం గురించిన చర్చ వాతావరణ ఒప్పందాల్లో లాస్ అండ్ డ్యామేజ్ పేరుతో వేరే అంశంగా ఎదిగింది. మిటిగేషన్ ఆలస్యమై, అడాప్టేషన్ చాలక, మునిగిపోతున్న దీవులు, పోయిన పంటభూములు దీని కిందికి వస్తాయి. 2013లో వార్సాలో దీనికోసం ఒక యంత్రాంగం ఏర్పడింది. 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో ప్రత్యేక నిధికి అంగీకారం కుదిరింది. 2023 చివర దుబాయ్ సదస్సు మొదటి రోజునే దాన్ని ఆచరణలోకి తెచ్చారు. నిధి నిర్వహణ బాధ్యత తాత్కాలికంగా ప్రపంచ బ్యాంకుకు అప్పగించగా, పాలకమండలికి ఆతిథ్య దేశంగా, ఏటా టైఫూన్ల దెబ్బ తినే ఫిలిప్పీన్స్‌ను 2024లో ఎంపిక చేశారు.